ఛారిటీ రన్‌లో 10 కిలోమీటర్లు గంటలోపు: ఎలా సిద్ధం కావాలి, ఎలా పరుగెత్తాలి

ఛారిటీ రన్‌లో టైమ్ కోసం పరుగెత్తాలంటే కొందరికి మొహమాటం. వైద్యం కోసమో చదువుల కోసమో విరాళాలు పోగుచేసే చోట గడియారం చూసుకోవడం ఏం బాగుంటుంది అనుకుంటారు. ఆ మొహమాటం అక్కర్లేదు. మీరు కట్టిన రుసుము, మీ వల్ల వచ్చిన విరాళం మీరు ఎంత వేగంగా పరుగెత్తినా చేరాల్సిన చోటికే చేరతాయి. పైగా ఒక అంకె పెట్టుకుని రెండు నెలలు సాధన చేస్తే, ఆ రన్ గురించి నలుగురితో మాట్లాడటానికి రెండు నెలలు దొరుకుతాయి.

ఒక్క సంగతి మాత్రం మొదటినుంచీ గుర్తుంచుకోవాలి. ఇక్కడ నడిచేవాళ్లు ఉంటారు, చిన్నపిల్లలు ఉంటారు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఉంటారు, దూరమైపోయిన మనిషి ఫొటో చొక్కామీద వేసుకుని వచ్చేవాళ్లు ఉంటారు. ఆ రోడ్డు వాళ్లది కూడా. కాబట్టి ఆ జనాన్ని లెక్కలో పెట్టుకునే మీ ప్రణాళిక వేసుకోవాలి. నా అనుభవంలో చాలామంది లక్ష్యం చేజారేది చివరి కిలోమీటరులో కాదు, మొదటి కిలోమీటరులోనే. కింద చెప్పేదంతా 10 కి.మీ. గంటలోపు పూర్తిచేయడం గురించి. మీ అంకె వేరైతే పద్ధతి అదే, లెక్కలు మార్చుకోండి.

ఆ రన్‌కి టైమ్ తీస్తారా, కనుక్కోండి

అన్ని ఛారిటీ రన్‌లకీ టైమ్ తీయరు. కెనడాలో 1981లో మొదలై ఇప్పుడు చాలా దేశాల్లో జరిగే టెర్రీ ఫాక్స్ రన్‌నే చూడండి. కావాలనే దాన్ని పోటీ లేని పరుగుగా ఉంచారు. అలాంటి చోట గెలుపూ లేదు, ర్యాంకూ లేదు. అక్కడికి టైమ్ లక్ష్యంతో వెళ్లకండి. పాల్గొనడానికి వెళ్లండి.

టైమ్ తీసే రన్ అయితే రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, బిబ్‌లో, అంటే చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితంలో, చిప్ ఉందా? చిప్ ఉంటే స్టార్ట్ లైన్ దగ్గర చిప్‌ని గుర్తించడానికి పరిచిన మ్యాట్ దాటిన క్షణం నుంచి ఫినిష్ మ్యాట్ దాటేవరకు మీ సొంత సమయం లెక్కకొస్తుంది. దాన్నే నెట్ టైమ్ అంటారు. చిప్ లేకపోతే తుపాకీ పేలినప్పటి నుంచే అందరికీ ఒకటే గడియారం. వెనక నిలబడిన మనిషి గీత దాటేసరికి రెండు మూడు నిమిషాలు పోయినా పోవచ్చు.

రెండోది, దారిని ధ్రువీకరించిన పద్ధతిలో కొలిచారా? రోడ్డు పరుగుల దారిని జోన్స్ కౌంటర్ అనే పరికరం బిగించిన సైకిల్‌తో కొలుస్తారు. మనిషి పరుగెత్తగలిగే అతి దగ్గరి దారి వెంట, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో కొలిచి, ఎక్కడా తక్కువ పడకుండా కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు. చిన్న ఛారిటీ రన్‌లలో చాలాసార్లు ఇంత పద్ధతి ఉండదు. ఫోన్‌లో మ్యాప్ చూసి గీసిన దారి 9.7 కావచ్చు, 10.3 కూడా కావచ్చు. కిలోమీటరుకి ఆరు నిమిషాల చొప్పున పరుగెత్తే మనిషికి 300 మీటర్ల తేడా అంటే దాదాపు రెండు నిమిషాలు. కొలవని దారి అయితే మొత్తం టైమ్‌ని పట్టుకుని వేలాడకండి. కిలోమీటరుకి సగటు వేగాన్నే లక్ష్యంగా పెట్టుకోండి.

మీ అంకె ఎక్కడి నుంచి రావాలి

గంట అనేది గుండ్రంగా, అందంగా ఉందని పెట్టుకోకండి. రన్‌కి రెండు మూడు నెలల ముందు ఒక రోజు 5 కి.మీ. గట్టిగా పరుగెత్తి టైమ్ చూడండి. అమెరికన్ ఇంజనీరు పీట్ రీగల్ 1977లో ఒక సూత్రం ఇచ్చాడు. దూరం రెట్టింపైతే టైమ్ రెండింతలకంటే కాస్త ఎక్కువ, సుమారు 2.085 రెట్లు అవుతుందని దాని సారాంశం. ఆ లెక్కన 5 కి.మీ. 28 నిమిషాల 45 సెకన్లలో వచ్చినవాళ్లకి 10 కి.మీ. సరిగ్గా గంటకి అటూఇటూగా వస్తుంది. 30 నిమిషాలు పట్టినవాళ్లకి 62 నిమిషాలు దాటుతుంది. అయితే ఆ దూరానికి తగ్గ సాధన ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది.

ఈరోజు మీ 5 కి.మీ. 30 నుంచి 31 నిమిషాల మధ్య ఉంటే, ఎనిమిది వారాల సాధనతో గంట ఆశ పెట్టుకోవచ్చు. 34 ఉంటే ఈసారికి 65 నిమిషాలు పెట్టుకోండి. అది తక్కువ లక్ష్యమేమీ కాదు, ఆ స్థాయి నుంచి చూస్తే ఐదారు నిమిషాల మెరుగుదల.

ఒక అంకెతో పాటు మరో రెండు కూడా రాసి పెట్టుకోండి. అన్నీ కలిసొస్తే 59:30, మామూలుగా అయితే 60, ఎండగానో దారి ఇరుగ్గానో ఉంటే 62. రెండోది, మూడోది ముందే మనసులో ఉన్నవాళ్లు మధ్యలో దెబ్బతిన్నా నడకలోకి దిగిపోరు.

ఎనిమిది వారాల సాధన

వారానికి మూడుసార్లు, ఆగకుండా అయిదు కిలోమీటర్లు పరుగెత్తగలిగేవాళ్ల కోసం ఇది. అంత లేకపోతే ముందు ఆ స్థాయికి రండి. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, చాలాకాలం తర్వాత వ్యాయామం మొదలుపెట్టేవాళ్లు డాక్టర్ని అడిగాకే వేగం జోలికి వెళ్లండి.

వారానికి నాలుగు రోజుల పరుగు చాలు. రెండు రోజులు నెమ్మదిగా ఐదారు కిలోమీటర్లు, ఒక రోజు వేగం, ఒక రోజు దూరం.

నెమ్మది అంటే నిజంగానే నెమ్మది. గంటలో 10 కి.మీ. కోరుకునే మనిషికి అది కిలోమీటరుకి 7 నుంచి 7:30 నిమిషాలు. పక్కన ఉన్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. చాలామంది ఇక్కడే ఓపిక పట్టలేరు. ప్రతిరోజూ ఓ మోస్తరుగా కష్టపడి, వేగం రోజున కాళ్లు లేవక, దూరం రోజున ఊపిరి అందక నిలిచిపోతారు. నెమ్మది పరుగులు గుండెనీ, కండరాల్లోని సన్న రక్తనాళాలనీ, స్నాయువులనీ సిద్ధం చేస్తాయి. ఆ పని వేగంతో త్వరగా అయ్యేది కాదు. ఈ పరుగు చివర వారానికి ఒకటి రెండుసార్లు 20 సెకన్ల పాటు తేలిగ్గా, పొడవాటి అంగలతో వేగం పెంచి తగ్గించండి. అలా నాలుగుసార్లు. వీటినే స్ట్రైడ్స్ అంటారు. రొప్పేంతగా చేయకూడదు.

వేగం రోజు విషయానికొస్తే, ముందు పది నిమిషాలు జాగింగ్ తప్పనిసరి. ఆ తర్వాత:

మొదటి రెండు వారాలు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 2 నిమిషాల 18 సెకన్లలో, మధ్యలో నిమిషంన్నర నడక. మూడు, నాలుగు వారాల్లో 800 మీటర్లు ఐదుసార్లు, ఒక్కోటి 4:40లో, మధ్యలో రెండు నిమిషాలు. ఐదు, ఆరు వారాల్లో ఒక కిలోమీటరు చొప్పున ఐదుసార్లు, 5:55లో. ఏడో వారం మొదట్లో రెండు కిలోమీటర్లు చొప్పున మూడుసార్లు, ఒక్కోటి సరిగ్గా 12 నిమిషాల్లో, మధ్యలో రెండు నిమిషాల మెల్లని జాగింగ్.

దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గి, మీ లక్ష్య వేగానికి దగ్గరవుతూ రావడం గమనించారా? అది కావాలనే. మనిషి గంటసేపు నిలబెట్టుకోగలిగే వేగం, రక్తంలో లాక్టేట్ (గట్టి శ్రమలో కండరాల్లో తయారయ్యే పదార్థం) అదుపు తప్పడం మొదలయ్యే హద్దుకి చాలా దగ్గరగా ఉంటుంది. అంటే 10 కి.మీ. గంటలో పరుగెత్తాలనుకునే మనిషి ఆ పరుగంతా ఆ హద్దు మీదే ఉంటాడు. కాస్త దాటితే రెండు మూడు కిలోమీటర్లలో కాళ్లు బరువెక్కుతాయి. హద్దు దాటకుండా ఉంటే ఎనిమిదో కిలోమీటరు దాకా మనిషి నిబ్బరంగా ఉంటాడు. ఆ హద్దు ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలి. ఏడో వారం పరుగు ముఖ్యంగా అందుకే. అది 11:40లో చేసేయగలిగినా చేయకండి. పన్నెండు నిమిషాలంటే పన్నెండే. సాధనలో వేగం చూపించి గెలిచినవాళ్లెవరూ లేరు.

దూరం రోజు ఎనిమిది కిలోమీటర్లతో మొదలుపెట్టి ఆరో వారానికి 12 లేదా 13కి తీసుకెళ్లండి. నాలుగో వారంలో మాత్రం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వండి. ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక అభ్యాసం చెబుతాను. ప్రతి దూరపు పరుగులో మొదటి రెండు కిలోమీటర్లు మిగతావాటికంటే అర నిమిషం నెమ్మదిగా పరుగెత్తండి. వెనకనుంచి ఎవరైనా దాటి వెళ్లినా సరే. మీరు జనంలోకి వెళ్లబోతున్నారు, అక్కడ మొదట నెమ్మదిగా ఉండక తప్పదు. ఆ నెమ్మది మీకు కంగారు పుట్టించకూడదు, అలవాటుగా ఉండాలి.

నొప్పుల గురించి ఒక్కమాట. పరుగు తర్వాత తొడలు, పిక్కలు లాగడం మామూలే. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే నొప్పి పుట్టినా, నొప్పి వల్ల మీ నడక మారినా ఆపండి. ఒక వారం పోతే లక్ష్యానికి పెద్ద నష్టం లేదు. ఎముకలో సన్నని పగులు వస్తే మాత్రం నెలలు పోతాయి.

విరాళాల పని చివరికి పెట్టుకోకండి

విరాళం అడగడం మొదటి నాలుగు వారాల్లోనే ముగించండి. చివరి వారంలో అందరికీ సందేశాలు పంపుతూ, ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో చూసుకుంటూ కూర్చుంటే నిద్ర పాడవుతుంది. మీ టైమ్ లక్ష్యం దాతలకి చెప్పండి, వాళ్లకి సరదాగా ఉంటుంది. కానీ “గంటలోపు వస్తేనే ఇస్తాం” అన్న షరతుకి ఒప్పుకోకండి. అలా ఒప్పుకుంటే మోకాలు నొప్పిగా ఉన్నా ఆగలేరు, సాయం అందాల్సినవాళ్ల డబ్బు మీ కాళ్లమీద ఆధారపడుతుంది. ఇది నేను గట్టిగా నమ్మే విషయం.

చివరి పది రోజులు

కొత్తగా బలం చేరే సమయం అయిపోయింది. ఇప్పుడు చేసే కష్టం అలసటగానే మిగులుతుంది. దూరాన్ని దాదాపు సగానికి తగ్గించండి, వేగాన్ని పూర్తిగా మానకండి. రన్‌కి నాలుగు రోజుల ముందు 400 మీటర్లు నాలుగుసార్లు లక్ష్య వేగంతో చాలు. ఈ రోజుల్లో కాళ్లు బరువుగా, బద్ధకంగా అనిపిస్తాయి, లేని నొప్పులు ఉన్నట్టు తోస్తాయి. కంగారుపడి పరుగు పెంచకండి. ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోయినా పరవాలేదు. అంతకుముందు రెండు మూడు రాత్రులు బాగా పడుకోండి.

నిర్వాహకులు ఇచ్చే టీషర్టుని ఆ ఉదయమే మొదటిసారి వేసుకోకండి. కాటన్ అయితే చెమటకి తడిసి బరువెక్కి చర్మాన్ని ఒరుస్తుంది. వేసుకోవాలని ఉంటే ముందే ఉతికి, అందులో ఒక దూరపు పరుగు చేసి చూడండి. లేదా ఫినిష్ అయ్యాక వేసుకోండి. బూట్లు కూడా అంతే, కనీసం రెండు మూడు పరుగులు చేసినవే కావాలి.

బిబ్ వెనక మీ ఆరోగ్య వివరాలు, అత్యవసరంలో పిలవాల్సిన నంబరు రాయండి. మీరు రాలేకపోతే ఆ బిబ్ నిర్వాహకుల అనుమతి లేకుండా స్నేహితుడికి ఇవ్వకండి. అతను దారిలో పడిపోతే వైద్యులకి మీ వివరాలు దొరుకుతాయి, అతనివి దొరకవు.

ఆ ఉదయం

మొదలవడానికి రెండు మూడు గంటల ముందు, అలవాటైన తేలికపాటి ఆహారం తినండి. గంట పరుగుకి మధ్యలో శక్తినిచ్చే జెల్‌లు అక్కర్లేదు, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న చక్కెర సరిపోతుంది. నొప్పి రాకుండా ముందుజాగ్రత్తగా ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకి హాని చేయగలవు. జ్వరం ఉంటే ఇంట్లోనే ఉండండి.

ఎండ, ఉక్క ఎక్కువగా ఉంటే అంకెని అక్కడికక్కడే మార్చుకోండి. చర్మాన్ని చల్లబరచడానికి వెళ్లే రక్తం కండరాలకి తగ్గుతుంది కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. పట్టుదల దీన్ని మార్చలేదు. వేడికి ఒళ్లు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ సాధన ముందే చేసి ఉండాలి.

మొదలయ్యే ముందు పది నిమిషాల జాగింగ్, నాలుగు స్ట్రైడ్స్. జనం గుమిగూడాక చోటు దొరకదు, కాబట్టి అరగంట ముందే ఆ పని కానిచ్చేయండి. లేసులు రెండు ముడులు.

స్టార్ట్ లైన్, మొదటి కిలోమీటరు

ఎక్కడ నిలబడాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అన్నిటికంటే ముందు నిలబడితే మీకంటే చాలా వేగంగా వెళ్లేవాళ్లు మిమ్మల్ని లాక్కుపోతారు. వెనక నిలబడితే నలుగురేసి చేతులు పట్టుకుని నడిచే బృందాల మధ్య ఇరుక్కుంటారు. గంట పేసర్, అంటే సరిగ్గా గంటలో ముగిసే వేగంతో జెండా పట్టుకుని పరుగెత్తే మనిషి ఉంటే, ఆ జెండాకి రెండడుగుల వెనక నిలబడండి. లేకపోతే చుట్టుపక్కల వాళ్లని అడగండి: “ఎంతలో వస్తారండీ?” గంట అన్నవాళ్లు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడే మీ చోటు. మధ్యలో కాకుండా ఒక అంచున ఉండండి, జనం విడిపోయేది అక్కడే ముందు.

తుపాకీ పేలగానే వాచ్ నొక్కకండి. మీ కాలు మ్యాట్ మీద పడ్డప్పుడు నొక్కండి.

ఇక మొదటి కిలోమీటరు. సంగీతం, కేకలు, పక్కన పిల్లల ఉరుకు. ఆ ఊపులో 5:30 వేగం కూడా నడకలా అనిపిస్తుంది. నమ్మకండి. మీరు కోరుకోవాల్సింది 6:08. ఎనిమిది సెకన్లు వెనకబడ్డారు, అంతే. వాటిని తొమ్మిది కిలోమీటర్లలో ఒక్కో సెకను చొప్పున తీర్చుకోవచ్చు. ముందే ముప్పై సెకన్లు “దాచుకుందాం” అనుకునేవాళ్లు ఏడో కిలోమీటరులో వడ్డీతో సహా కడతారు.

జనం అడ్డొస్తే అటూ ఇటూ దూకుతూ వెళ్లకండి. అలా వంకర్లు పోతే దూరం పెరుగుతుంది, ప్రతి ఆగడం, ప్రతి ఉరకడం శక్తిని తింటుంది. పది పదిహేను మీటర్ల ముందుకి చూస్తూ ఖాళీ కనిపించేదాకా ఆగి, ఒకేసారి మెల్లగా దాటండి. పిల్లల పక్కనుంచి వెళ్లేటప్పుడు వేగం తగ్గించండి, వాళ్లు ఎటు తిరుగుతారో చెప్పలేం. చక్రాల కుర్చీకి పూర్తి చోటు వదలండి. “కుడివైపు నుంచి వస్తున్నానండీ” అని ముందే చెబితే ఎవరైనా తప్పుకుంటారు. భుజంతో తోసి దాటి సంపాదించే రెండు సెకన్లకి ఈ రన్‌లో ఏ విలువా లేదు.

కిలోమీటర్ల లెక్క

మూడు గుర్తులు చాలు: 1 కి.మీ. దగ్గర 6:08, 5 దగ్గర 30:00, 8 దగ్గర 47:54. మధ్యలో అంతా 5:58 చొప్పున. చివరి కిలోమీటరు 5:50 వస్తే 59:42.

వాచ్ చూపించే వేగాన్ని పూర్తిగా నమ్మకండి. జీపీఎస్‌లో పొరపాట్లు ఉంటాయి, మీరు కూడా అతి దగ్గరి దారిలో పరుగెత్తరు, అందుకే కొలిచిన 10 కి.మీ. దారి మీద వాచ్ తరచుగా 10.1 చూపిస్తుంది. ఆ దూరం గంటలో అవ్వాలంటే వాచ్ మీద సగటు 5:56 ఉండాలి. వాచ్ 6:00 చూపిస్తోందని నిశ్చింతగా ఉంటే గీత దగ్గర 60:36 కనిపిస్తుంది. రోడ్డు పక్క కిలోమీటరు బోర్డు దగ్గర ల్యాప్ బటన్ మీరే నొక్కుకోవడం మేలు. మలుపుల్లో, వీలైనప్పుడు లోపలి అంచు పట్టుకోండి.

రెండో సగం కాస్త వేగంగా రావాలన్నది కొత్తవాళ్ల కోసం మాత్రమే చెప్పే మాట కాదు. 2023 షికాగో మారథాన్‌లో కెల్విన్ కిప్టమ్ 2:00:35తో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47.

నీళ్ల బల్లల దగ్గర మొదటి బల్ల వదిలేసి చివరి బల్ల దగ్గర తీసుకోండి. కప్పు అంచుని నొక్కి రెండు గుక్కలు తాగండి. తాగడానికి ఆగాలనిపిస్తే పక్కకి జరిగాకే ఆగండి.

ఆరు నుంచి ఎనిమిది వరకు కష్టమైన చోటు. ఉత్సాహం అయిపోయి, ముగింపు ఇంకా కనిపించదు. ఇక్కడ మొత్తం టైమ్ గురించి ఆలోచించకండి. భుజాలు వదులు చేసి, ముందున్న ఒక మనిషిని చూపుతో పట్టుకుని అతని దగ్గరికి చేరండి. తర్వాత ఇంకో మనిషి. మొదట్లో నెమ్మదిగా వచ్చిన మీకు ఇక్కడ దాటడానికి చాలామంది దొరుకుతారు. తొమ్మిదో బోర్డు దగ్గర 53:52 ఉందా, ఇక దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, వేడిలో వణుకు, వీటిలో ఏది వచ్చినా ఆగి సాయం అడగండి.

ఫినిష్ మ్యాట్ మీద తలవంచి వాచ్ ఆపకండి. రెండు మ్యాట్‌లూ దాటేదాకా పరుగెత్తి, ఆ తర్వాత ఆపండి. చిప్ లెక్క ఎలాగూ ఉంది. వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి. ఇంకా వస్తున్నవాళ్ల కోసం చప్పట్లు కొట్టడానికి అదే మంచి చోటు.

తర్వాత చూసుకోవాల్సిన అంకెలు

నెట్ టైమ్ వచ్చాక మొత్తం కంటే రెండు సగాలనీ విడిగా చూడండి. రెండో సగం నిమిషానికి మించి నెమ్మదైతే మీరు మొదట ఎక్కువ వేగంగా వెళ్లారు. వచ్చేసారి అదే సాధన, మొదటి రెండు కిలోమీటర్లు మాత్రమే మార్చండి. రెండు సగాలూ సమానంగా ఉండి గంట దాటితే మీ పరుగు తీరు బాగానే ఉంది, ఇంకో ఆరేడు వారాల కిలోమీటరు, రెండు కిలోమీటర్ల పరుగులు కావాలి. మొదటి కిలోమీటరు ఒక్కటే 6:40 అయి, మిగతావన్నీ 5:58 ఉంటే మీకు గంటకి కావలసిన సత్తా ఉంది, తప్పు నిలబడిన చోటుది. అలాంటప్పుడు మూడు వారాలు తేలిగ్గా సాధన చేసి, జనం తక్కువగా ఉండే మరో రన్‌లో పేరు ఇచ్చేయండి.